కామేశ్వరి గారి సౌండు కార్డు

కామేశ్వరి గొంతును భాస్కర్ మింగేశాడు. బుచ్చిరాజు ఏడాదిగా ఈ మాట అంటున్నాడు. కాదన్నవాళ్లతో ఆయన మాట్లాడటం మానేశాడు. అందుకని ఇప్పుడు కాదనేవాళ్లు ఎవరూ మిగల్లేదు.

అమలాపురంలో గడియార స్తంభానికి దగ్గరలో, మందుల షాపు మేడమీద సత్యదుర్గారావు ఆఫీసు. పోలీసు వైర్‌లెస్ విభాగంలో పనిచేసి బయటికి వచ్చాక ఆయన ప్రైవేటు డిటెక్టివ్ అయ్యాడు. వచ్చేవి ఎక్కువగా పెళ్లి సంబంధాల వాకబులు, గల్ఫ్ ఏజెంట్ల మోసాలు. బుచ్చిరాజు ఆ మెట్లెక్కి వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"నా భార్య గొంతు భాస్కర్ మింగేశాడండి. అది తేలిపోయిన సంగతి. మీరు రుజువు చెయ్యాలి. అంతే."

"తేలిపోయాక నేనెందుకండి?" అన్నాడు దుర్గారావు.

"ఆదివారం ఆవిడ సంవత్సరీకం. చుట్టాలంతా వస్తారు. అందరి ముందూ వాడి పేరు చెప్తాను. ఉత్తి నోటిమాటగా చెప్పను. రుజువుతో చెప్తాను."

అసిస్టెంటు సాలమోను కుర్చీ దగ్గరికి జరిపాడు. కువైట్‌లో డ్రైవరుగా చేసి తిరిగొచ్చిన మనిషి. దుర్గారావు కారు నడుపుతాడు, ఆయన మాట్లాడేటప్పుడు గుడిలో నిలబడ్డట్టు నిలబడతాడు.

"కూచోండి రాజుగారూ. మెట్లెక్కి వచ్చేరు."

బుచ్చిరాజు కూర్చున్నాడు. జరిగింది చెప్పాడు. మామిడికుదురు దాటాక వాళ్ల ఊరు. కొబ్బరి, వరి. భార్య కామేశ్వరికి గొంతులో జబ్బు వచ్చింది. స్వరపేటిక తీసేస్తే గాని బతకదన్నారు. ఆపరేషనుకు ముందు ఆవిడ మాటలు స్పష్టంగా రికార్డు చేసి ఉంచితే, తరవాత ఆవిడ టైపు చేసింది ఆవిడ గొంతుతోనే ఫోను చదివేలా చెయ్యొచ్చని డాక్టరు చెప్పాడు.

బుచ్చిరాజు నీళ్ల మోటారు కొన్నా, మందు కొట్టే పంపు కొన్నా ఊళ్లో అందరికంటే మంచిది కొనే మనిషి. అమలాపురంలో పాటల రికార్డింగు చేసే భాస్కర్‌ని పిలిపించి, ఉన్నవాటిలో మంచిది పెట్టమన్నాడు. భాస్కర్ కంప్యూటరు, మైకు, దానికి వేరే సౌండు కార్డు తెప్పించాడు. తన షాపులో అన్నీ బిగించి, బుచ్చిరాజు ఎదురుగా పరీక్ష చేసి చూపించాడు. పల్లెటూరి రోడ్ల కుదుపుకు కార్డు విరుగుతుందని తీసి దాని డబ్బాలో పెట్టి ఇచ్చాడు. మర్నాడు ఉదయం ఇంటికి వచ్చి బిగించాడు.

కంప్యూటరు ఆ కార్డును గుర్తించలేదు. సాయంత్రం దాకా గుర్తించలేదు. సాయంత్రం కారు వచ్చింది. కామేశ్వరిని వైజాగ్ ఆసుపత్రికి తీసుకెళ్లిపోయారు.

"మాట లేకుండా నాలుగు నెలలు బతికిందండి" అన్నాడు బుచ్చిరాజు. "పలక మీద రాసి చూపించేది. నాకు కళ్లజోడు లేనప్పుడు అది కూడా లేదు."

"భాస్కర్ ఏం చేశాడంటారు?"

"షాపులో మంచి కార్డు చూపించేడు. డబ్బాలో చచ్చిన కార్డు పెట్టేడు. ఇందులో తెలియందేవుంది?"

"ఆ కార్డు ఎక్కడుంది?"

"అందులోనే ఉంది. ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. సాక్ష్యం కదా."

సాలమోను ఉండబట్టలేకపోయాడు. "ఫోన్లో తీయలేదాండి?"

బుచ్చిరాజు అతనివైపు చూడను కూడా లేదు. "మీ డ్రైవర్ని మాట్లాడొద్దనండి" అన్నాడు దుర్గారావుతో.

ఆ ప్రశ్నకు జవాబు రాలేదన్న సంగతి దుర్గారావు గుర్తుపెట్టుకున్నాడు.

మర్నాడు ఇద్దరూ ఆ ఊరు వెళ్లారు. కొబ్బరి దింపు అయిపోయి వాకిట్లో కాయలు రాశిపోసి ఉన్నాయి. ఒక మనిషి గునపానికి కాయ గుచ్చి పీచు వలుస్తున్నాడు. గడపకు నిండుగా పసుపు, మధ్య మధ్య కుంకుమ బొట్లు. సాలమోను దాన్ని తొక్కకుండా పెద్ద అంగ వేశాడు.

బుచ్చిరాజు కూతురు సౌజన్య గది తలుపు తీసింది. రాజోలులో కాపురం. సంవత్సరీకం పనులకు వచ్చింది. కిటికీలకు ఆ రికార్డింగు కోసం శబ్దం రాకుండా కట్టిన పరుపులు ఇంకా అలాగే ఉన్నాయి. గదిలో ముక్కిపోయిన దూది వాసన. గోడమీద కామేశ్వరి ఫొటో. కాస్త పెద్ద మెరూన్ రంగు బొట్టుబిళ్ళ, నవ్వీ నవ్వని ముఖం.

కంప్యూటరు పెట్టెకు పసుపు పూసి మూడు బొట్లు పెట్టి ఉన్నాయి. తెరకు బొట్టు. మైకు కాడకు బొట్టు. ఇన్వర్టరుకు, ఫ్యానుకు, ఆఖరికి స్విచ్చిబోర్డుకు కూడా.

"ఈ ఇంట్లో కాసేపు కదలకుండా నిలబడితే నాకూ బొట్టెట్టేసేలా ఉన్నారండి" అన్నాడు సాలమోను.

సౌజన్యకు నవ్వు వచ్చి ఆగిపోయింది. "అమ్మ అంతేనండి. కొత్త చేట కొన్నా బొట్టు పెట్టందే వాడేది కాదు. గడపకు నేను రాసేది కూడా అమ్మ రాసినట్టే."

"ఈ సామానుకు ఎప్పుడు పెట్టేరమ్మా?" అడిగాడు దుర్గారావు.

"సామాను దిగిన సాయంత్రమేనండి, బిగించటానికి ముందురోజు. నేను ఆసుపత్రికి బట్టలు సర్దుతున్నాను. అమ్మ పసుపు గిన్నె పట్టుకుని ఈ గదిలోకి రావటం చూసేను."

దుర్గారావు పెట్టె మూత విప్పి కార్డు బయటికి తీశాడు. అరచెయ్యంత పలక. ఒక అంచున బంగారు పూత పూసిన సన్నటి గీతలు వరసగా ఉన్నాయి. ఆ అంచు కంప్యూటరులోని గాడిలో దిగాలి. ఆ గీతల ద్వారానే కంప్యూటరు కార్డుతో మాట్లాడుతుంది. కార్డు రెండోవైపు కరెంటు కోసం ఒక వైరు విడిగా తగిలించి ఉంది.

కార్డు వచ్చిన డబ్బా అలమరలో ఉంది. దుర్గారావు దాన్ని అన్నివైపులా తిప్పి చూశాడు. శుభ్రంగా ఉంది. దాని మీద పసుపు లేదు, బొట్టు లేదు. లోపల వెండిరంగు కవరు. కవరు పైభాగం చిరిగి ఉంది. చిరిగిన మూతికి ఒక గుండ్రటి మెరూన్ బిళ్ళ వేలాడుతోంది. ఆయన ఆ కవరును చాలాసేపు చూసి, కార్డుతోపాటు సంచిలో పెట్టుకున్నాడు.

వరండాలో కామేశ్వరి తమ్ముడు వీరబాబు ఉన్నాడు. అమలాపురం నుంచి డబ్బా తెచ్చింది అతనే.

"ఆయ్, నేనేనండి. బండి ముందు పెట్టుకుని తెచ్చేను. తెచ్చి అక్క చేతికే ఇచ్చేను."

"ఆపరేషను వద్దన్నారట మీరు? మీ మేనకోడలు చెప్పింది."

వీరబాబు ముఖం దించుకున్నాడు. "అన్నానండి. పొద్దున్నే ఆవిడ కేకేస్తే ఈ వీధంతా లేచేది. ఆ గొంతు లేకుండా మా అక్కేంటి అనుకున్నాను."

"రికార్డింగు పాడైతే ప్రయాణం ఆగుతుందనుకున్నారా?"

"నా పిల్లల మీద ఒట్టండి, డబ్బా మూత కూడా తీయలేదు. భాస్కర్ లోపలి కవరుకు టేపు వేసి ఇచ్చేడు. ఆ టేపు తీస్తే ఊరుకోనని బావగారు ఇంటిల్లిపాదికీ చెప్పేరు. ఆయన చెప్పేక ఎవరు తీస్తారండి?"

"ఎవరో తీశారు" అన్నాడు దుర్గారావు.

భాస్కర్ షాపు మూతపడింది. ఆడమనిషి గొంతు మింగినవాడికి పెళ్లి పాట ఎవరిస్తారు? ఇప్పుడు ఒక టెంటు హౌసులో కూలికి మైకుసెట్లు మోస్తున్నాడు. కల్యాణ మండపం వెనక వైరు చుట్టుకుంటూ కనిపించాడు. ముప్పై దాటి ఎన్నో ఏళ్లు కాలేదు. చెంపలు మాత్రం లోపలికి పోయాయి.

"అడగండి సార్. ఏడాదిగా ఎవరూ అడగలేదు. అన్నారంతే."

"ఆ రోజు ఏం జరిగింది?"

"బిగించేనండి. కార్డు మీద లైటు వెలిగింది. కంప్యూటరులో చూస్తే దాని పేరే లేదు. తీసి మళ్లీ పెట్టేను. పక్క గాడిలో పెట్టేను. లైటు వెలుగుతోంది కాబట్టి కార్డు బతికే ఉంది, లోపం డ్రైవర్లో ఉందనుకున్నాను."

"డ్రైవరా?" అన్నాడు సాలమోను.

"మీరు కాదండి. కార్డును నడిపే సాఫ్టువేరు. అది తీసి, మళ్లీ వేసి, మొత్తం కొత్తగా ఎక్కించి... మధ్యాహ్నం అక్కడే అయిపోయింది."

"వేరే కార్డు పెట్టి చూడాల్సింది" అన్నాడు దుర్గారావు.

"నా పాత కార్డు షాపులో ఉంది, రెండు గంటల్లో తెస్తానన్నానండి. పారిపోతున్నాననుకున్నారు. రాజుగారు గేటుకు తాళం వేసేశారు."

"నువ్వు ఉదయం వెళ్లేసరికి కవరుకు నువ్వేసిన టేపు ఉందా?"

భాస్కర్ ఆలోచించాడు. "చూళ్లేదండి. ఆయన తొందరపెట్టేస్తున్నారు. పైన చించేసి తీసేను."

"ఎవరూ ఫోను మాట ఎత్తలేదా?"

భాస్కర్ వైరు చుట్టటం ఆపాడు. "అది నేను చెప్పకూడదండి. పోయినావిడ మాట."

అతని ఇంట్లో పాత కంప్యూటరు ఒకటి మిగిలింది. అందులో భాస్కర్ పాత కార్డు పెడితే వెంటనే గుర్తించింది. అదే గాడిలో బుచ్చిరాజు కార్డు పెట్టారు. లైటు వెలిగింది. తెర మీద పేరు రాలేదు.

"అయితే చచ్చిన కార్డేనండి. మార్చేసినట్టే గదా" అన్నాడు సాలమోను. ఆ మాటకు భాస్కర్ గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాడు.

దుర్గారావు కరెంటు వైరు పట్టి చూపించాడు. "లైటుకు కరెంటు ఈ వైరు నుంచి వస్తోంది సాలమోనూ. గాడిలోంచి కాదు. లైటు వెలిగినంత మాత్రాన అంచు గాడికి అంటుతున్నట్టు కాదు." భూతద్దం తీసి బంగారు అంచును వెతికాడు. అంచు మధ్యలో చిన్న గాటు ఉంది. గాటు మూలలో ఎర్రటి రవ్వ.

"తుప్పాండి?"

"బంగారం తుప్పు పట్టదు."

కారెక్కాక దుర్గారావు "దారిలో ఒక రబ్బరు కొను" అన్నాడు.

"టైరుదాండి?"

"పెన్సిలు గీతలు చెరిపేది. కిళ్ళీ కొట్లో కాస్త సున్నం కూడా కట్టించు."

సాలమోను అడగలేదు. ఆయన వస్తువుల పేర్లు మాత్రమే చెబుతున్నాడంటే పని అయిపోయిందని అతనికి తెలుసు. అయితే పని అయిపోయిన రోజుల్లో దుర్గారావు ముఖం ఇలా ఉండదు.

సంవత్సరీకానికి ముందురోజు దుర్గారావు అందరినీ కామేశ్వరి ఫొటో ఉన్న ఆ గదిలోకి పిలిచాడు. బుచ్చిరాజు కుర్చీలో కూర్చున్నాడు. సౌజన్య, వీరబాబు గోడవారగా నిలబడ్డారు. భాస్కర్ గుమ్మం బయటే ఆగాడు. లోపలికి రమ్మని బుచ్చిరాజు అనలేదు. దుర్గారావే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు.

"రాజుగారూ, డబ్బా మీద నంబరు, కార్డు మీద నంబరు ఒకటే. కార్డు మారలేదు. షాపులో పనిచేసిన కార్డే ఇది. షాపులో సాయంత్రం పనిచేసింది, ఇక్కడ ఉదయం పనిచెయ్యలేదు. మధ్యలో అది ఉన్నది మీ ఇంట్లో."

"మా ఇంట్లో దొంగలెవరూ లేరు."

"దొంగలని నేననలేదు. ఈ గదిలో స్విచ్చిబోర్డుకు కూడా బొట్టు ఉంది. అన్నిటికంటే విలువైన కార్డుకు లేదు. దాని డబ్బాకూ లేదు. మొదటిరోజు నాకు వింతగా కనిపించింది అదే. కొత్త చేటకు బొట్టు పెట్టే ఇల్లాలు, తన గొంతు దాచబోయే వస్తువును వదిలేస్తుందా?"

బయట పీచు వలిచే చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

దుర్గారావు తెల్లగుడ్డ తడిపి కార్డు అంచును ఒకసారి గట్టిగా తుడిచాడు. గుడ్డ మీద లేత పసుపు చార వచ్చింది. సాలమోను విప్పిన పొట్లంలోంచి కాస్త సున్నం తీసి చార మీద రాశాడు. చార ఎర్రబడింది.

పసుపుకు సున్నం తగిలితే ఏమవుతుందో ఆ గదిలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. పెళ్లికూతురి కాళ్లకు రాసే పారాణి అదే. సౌజన్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఈ బంగారు అంచు ఆవిడకు గడపలా కనిపించి ఉంటుంది. గడపకు రాసినట్టే నిండుగా పసుపు రాసి బొట్లు పెట్టారు. ఆరాక కొంగుతో తుడిచేశారు. గాటులో ఒక కుంకుమ రవ్వ మిగిలింది. బంగారం మీద పసుపు కంటికి కనపడదు. అందుకే భాస్కర్‌కి కనపడలేదు. కాని ఆ పసుపు పొర ఉన్నంతసేపూ అంచుకూ గాడికీ మధ్య మాట సాగదు."

"అబద్ధం" అన్నాడు బుచ్చిరాజు. "టేపు తీయొద్దని చెప్పేను నేను."

"చెప్పారు. అందుకే మళ్లీ మూశారు. తీసిన టేపు అంటుకోలేదు. దగ్గర ఉన్నదానితో మూశారు." దుర్గారావు వెండి కవరు ఆయన చేతిలో పెట్టాడు. మూతికి వేలాడుతున్న మెరూన్ బిళ్ళను బుచ్చిరాజు చూశాడు. గోడమీద ఫొటోవైపు చూడలేదు. చూడాల్సిన అవసరం లేదు.

"ఆవిడకు తెలియదండి" అన్నాడు దుర్గారావు. "పోయేదాకా తెలియదు. మంచి జరగాలనే చేశారు. తుడిచిందీ మూసిందీ మాత్రం మీరు కోప్పడతారని."

రబ్బరు తీసుకుని గీతలన్నీ రుద్దాడు. కార్డును గాడిలో నొక్కి, కంప్యూటరు వేశాడు. కాసేపటికి తెర మీద కార్డు పేరు వచ్చింది. ఏడాదికి పైగా ఆగిన పని రబ్బరు ముక్కతో అయిపోయింది. భాస్కర్ అలవాటు కొద్దీ ముందుకొచ్చి మైకు తగిలించాడు. తెర మీద పచ్చటి గీత లేచింది. వాకిట్లో పీచు వలిచే చప్పుడుకు లేస్తోంది, ఫ్యాను గాలికి వణుకుతోంది. అన్నీ బాగా పలుకుతున్నాయి. ఆ మైకు ముందు కూర్చోవలసిన మనిషి లేదు.

బుచ్చిరాజు భాస్కర్ వైపు తిరిగాడు. "పనివాడివి కదా. తుడిచి పెట్టుకోవద్దా?"

"పెట్టుకోవాలండి. ఆ తప్పు నాదే. లైటు చూసి మోసపోయేను. కాని వేరే కార్డు తెచ్చి పెడితే రెండు గంటల్లో తెలిసేదండి. మీరు గేటు..."

"అంతా నా మీదికి తోస్తారా?"

అప్పుడు సౌజన్య మాట్లాడింది. "అమ్మ ఫోను ఇచ్చింది నాన్నగారూ."

"నువ్వూరుకో."

"ఏడాది ఊరుకున్నాను. 'బండొచ్చేసింది, దీంట్లో తీసెయ్యండి, నాలుగు మాటలైనా ఉంటాయి' అని అమ్మ ఫోను మీ చేతికిచ్చింది. ఇదే గదిలో. ఇంత ఖర్చుపెట్టి తెస్తే ఫోనేంటని మీరు నోరుముయ్యమన్నారు. అమ్మ మూసేసింది. కారులో వైజాగ్ దాకా ఒక్క మాట మాట్లాడలేదు. మర్నాడు ఆపరేషను."

దుర్గారావు వివరించాల్సింది అయిపోయింది. మొదటి రోజు ఆఫీసులో తను అడిగిన ప్రశ్నకు జవాబు వచ్చిందని సాలమోనుకు అర్థమైంది. అడక్కపోయినా బాగుండేదనిపించింది.

బుచ్చిరాజు కవరును మడిచాడు. బిళ్ళ ఊడకుండా లోపలివైపుకు మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. లేచాడు.

భాస్కర్ అడ్డం వెళ్లాడు. చేతులు జోడించాడు. "రాజుగారూ, డబ్బూ వద్దు, ఏమీ వద్దండి. రేపు చుట్టాలందరూ వస్తారు. వాడు కాదు అని ఒక్క మాట అనండి. మీ నోటితో పోయిన పేరు, మీ నోటితోనే రావాలి. ఇంకెవరు చెప్పినా నమ్మరండి."

పచ్చటి గీత అతని మాటకు లేచి, పడింది. వీరబాబు, సౌజన్య బుచ్చిరాజు నోటివైపు చూస్తున్నారు.

బుచ్చిరాజు చెయ్యి చాచి కంప్యూటరు స్విచ్చి కట్టేశాడు.

"ఈ సంగతి నేను మళ్లీ ఎత్తను. రేపూ ఎత్తను, చచ్చేదాకా ఎత్తను. నన్నెవరూ అడగొద్దు."